మోటారుకు కట్టిన ఎద్దు గంట

పాడేరు, బుధవారం రాత్రి

మశూచి టీకాలు వేయడానికి ఏ గూడేనికి వెళ్లినా, నా పాత మోటారు హారను మోతకు పిల్లలు అడవిలోకి పారిపోతున్నారు. మెత్తగా మోగే కొత్త హారను కొనే స్తోమత నాకు లేదు. నిన్న ఈ గోడు వెళ్లబోసుకుంటే, పక్కింటి సోములమ్మ అవ్వ తన ఎద్దు మెడలోని కంచు గంట తెచ్చింది. ఆ ఎద్దు మొన్న వానల్లో చచ్చిపోయింది.

"ఇది కట్టు బాబూ. దీని సప్పుడికి పిల్లలు బెదరరు."

"నీ ఎద్దు గురుతు కదా అవ్వా, ఉంచుకో."

"మూల పడేసి ఏటి సేత్తాను?"

ఈ ఉదయం దాన్ని మోటారు ముందు కట్టాను. గతుకుల్లో గణగణమంటూ గూడెం చేరేసరికి పిల్లలు ఎద్దుబండి అనుకుని ఎదురొచ్చారు. సూదికి ఏడ్చారు గాని, ఎవరూ పారిపోలేదు.

సాయంత్రం ఇంటి మలుపు తిరుగుతుంటే, అవ్వ గబగబా బయటికొచ్చింది. చేతుల్లో పచ్చగడ్డి. మోటారును చూసి ఆగిపోయింది.

"అలవాటైపోనాది బాబూ," అని నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

గంట తిరిగిచ్చేస్తే ఆమెకు ఊరటా, ఇంకా బాధా... తెలియడం లేదు. ఆ గడ్డి మోటారు మీద పెట్టి వెళ్లింది. నేనింకా తీయలేదు.