గీత దగ్గర నిలబెట్టిన మనిషి

ఫిబ్రవరి 2, ఆదివారం
చిత్తూరు. లైన్ అంపైర్‌గా తొలి కబడ్డీ మ్యాచ్. ఇన్నేళ్లూ ఇలాంటి పోటీల వార్తలు రాశాను. గీత పక్కన నిలబడడం ఇదే మొదలు. మస్తాన్ లాక్కొచ్చాడు. ఆదివారం గాజుల అంగడి తమ్ముడికి వదిలేసి, ఏళ్లుగా ఊరూరా జీతం లేకుండా రెఫరీగా తిరుగుతున్న స్నేహితుడు. పట్టేవాడి కాలు గీత దాటితే నేను చెయ్యి లేపాలి, ఎదుటి జట్టుకు పాయింటు. అంతే పని. ఒకటి తప్పు చెప్పాను. "ఎవురన్నా మీదికొస్తే నవ్వాలన్నా. నువ్వేమో జేబులో పెన్ను తడుముకుంటాండావు," అంటాడు మస్తాన్.

ఫిబ్రవరి 9, ఆదివారం
తిరుపతి. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను. ఒక్క నిర్ణయం మీదా గొడవ లేదు. సంతోషం.

ఫిబ్రవరి 12, బుధవారం
మస్తాన్ ఫోన్. ఐరాలలో ఫైనల్. ఎగువపల్లె, దిగువపల్లె. పోయినేడు ఈ రెండూళ్ల ఆట కర్రల దాకా వెళ్లింది. ఒకడికి తల పగిలింది. "నువ్వు గీత కాడ ఉంటే ఎవురూ నోరెత్తరన్నా. పేపరాయన అబద్ధం చెప్పడని రెండూళ్లోళ్లకీ నమ్మకం." ఆ మాటకే ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం
ఐరాల. చివర్లో దిగువపల్లెది రెండు పాయింట్ల ఆధిక్యం. ఎగువపల్లె ఆఖరి రెండు కూతల్లో, కూతకొకడు చొప్పున దిగువపల్లె వాళ్లు గీత దాటారు. కూతకొచ్చినవాడు తాకనే లేదు. ఎవరూ తోయలేదు. రెండుసార్లూ చెయ్యి లేపాను. సమానం. అదనపు ఆట లేదు, కప్పు ఇద్దరికీ అన్నారు. గెలుపు చేజారినా దిగువపల్లెలో ఒక్కడూ గొణగలేదు...

భోజనాల దగ్గర ఎగువపల్లె పెద్దాయన నా ఆకులో ఇంకో వడ వేయిస్తూ — "సమానం చేద్దామని రెండూళ్ల పెద్దోళ్లం మొన్ననే అనుకున్న్యాం గదప్పా. మస్తాన్ చెప్పలా?"

చెప్పలేదు. ఆటగాళ్లకు తెలుసు. పాయింట్లు రాసేవాడికి తెలుసు. వడ్డించేవాడికీ తెలుసు.

ఫిబ్రవరి 17, సోమవారం
మస్తాన్ అంగడి. గాజులు సర్దుతున్నాడు, తలెత్తడు.
— నాకెందుకు చెప్పలేదు?
— చెప్పింటే వచ్చేటోడివా?
— రాను.
— మరి. అయినా నువ్వు చేసిందాంట్లో తప్పు యాడుండాది? వాళ్లు దాటినారు. నువ్వు చెయ్యి లేపినావు.
నిజమే. నా నిర్ణయాలు రెండూ సరైనవే. ఆట అబద్ధం.
— ఈ తూరి ఎవురికీ తల పగల్లా. అది రాసుకో పో.
టీ తెప్పించాడు; తాగకుండా వచ్చేశాను. అతనికి కావలసింది నా కన్ను కాదు. నా పేరు.

ఫిబ్రవరి 18, మంగళవారం
ఐరాల వార్త ఏదని డెస్క్ అడిగింది. "స్కోరు సమం, కప్పు ఇరుజట్లకు" అని రాశాను. ప్రతి మాటా నిజమే. పంపలేదు.

ఫిబ్రవరి 20, గురువారం
మస్తాన్ మెసేజ్ — ఆదివారం తిరుచానూరు, పొద్దున్నే వచ్చెయ్. అంతే. ఏమీ జరగనట్టు.

ఫిబ్రవరి 23, ఆదివారం
వెళ్లాను. ఎందుకో రాయలేను. రెఫరీ మస్తానే. పలకరించాడు, తలూపాను. రెండు జట్లూ నాకు కొత్త. రెండో కూతకే ఒకడి కాలు గీత దాటింది. స్పష్టంగా, అరడుగు. నేను చెయ్యి లేపకుండా అతని ముఖంలోకి చూస్తున్నాను — జారాడా, కావాలని దాటాడా...
మస్తాన్ ఆట ఆపాడు. "ఏమన్నా, దాటినాడా లేదా?"
అందరూ నా వైపే చూస్తున్నారు.