కంచరగాడిద ముత్యాలుకు ఒక రాయి

తిరుపతి,
జనవరి 6

రాతిపని గుణశేఖర్ గారికి,

పెంచలయ్య నమస్కారాలు. రాతి దుమ్ములో బతికే మీ కళ్ళూ ఊపిరీ చల్లగా ఉన్నాయని తలుస్తాను. 'ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ పేర్లు చెప్పరాదు, ఉత్తరం రాయండి' అని చిత్తూరులో మీ శిల్పశాల బోర్డు మీద చూసి ఇది రాస్తున్నాను.

నేను మిలిటరీలో పదహారేళ్ళు చేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు తిరుపతిలో ఒక లాడ్జికి వాచ్‌మన్‌ని. చంద్రగిరి పక్కన మా ఊళ్ళో కొంచెం మామిడి తోపు ఉంది. అందులో ఒక మూల నిలబెట్టడానికి సమాధి రాయి కావాలి. కుప్పం నల్లరాయి, మూడడుగుల ఎత్తు.

పేరు ముత్యాలు. నుదుట తెల్లటి చుక్క ఉండేది, అందుకని నేనే పెట్టుకున్న పేరు. సిక్కిం కొండల్లో పదకొండేళ్ళు నాతో నడిచింది. పోయిన నెల అక్కడే పోయింది. ఆఖరి ఘడియలో నేను పక్కన లేను. దాని కాలికి ఉండిన ఇనుపది ఒకటి నా తోటి సిపాయి ధనశేఖర్ పార్సిల్లో పంపాడు. అది పూడ్చి పైన రాయి పెడతాను. 'ముత్యాలు, నాతో నడిచింది' అని చెక్కితే చాలు.

ఇట్లు,
పెంచలయ్య

తా.క.: రాయి దించవలసిన మా ఊరి చిరునామా వెనక రాశాను. జవాబు మాత్రం లాడ్జికే రాయండి. ముత్యాలు సంగతి మా ఆవిడ వసంతమ్మకు తెలియదు. ఇన్నేళ్ళు దాచాను.


చిత్తూరు,
జనవరి 11

పెంచలయ్య గారికి,

గుణశేఖర్ రాస్తున్నాను. ఏ ముఖంతో క్షేమం అడగాలో తెలియడం లేదు. మీ ఉత్తరం చదివి ఉలి కింద పెట్టాను. నేను ఇద్దరు కూతుళ్ళ తండ్రిని. ఇంట్లో ఇల్లాలుండగా మీరు అక్కడ చేసింది ఒప్పని నా నోటితో అనలేను. అయినా పోయినవాళ్ళ మీద రాతికి కోపం ఉండదు. ఆ తల్లికి రాయి చెక్కుతాను.

ఒక్కమాట అడగకుండా ఉండలేను. కాలికి ఇనుప మెట్టెలా అప్పా! పదకొండేళ్ళలో వెండివి కొనలేకపోయారా?

కింది వివరాలు రాయండి. తల్లిదండ్రులెవరు? పిల్లలు ఎందరు? చీర ఏ కట్టు? ఫొటో ఉందా? ఆమె గురించి ఏదైనా ఒక సంగతి కూడా రాయండి. మనిషి ఎట్లాంటిదో తెలియకపోతే నా చెయ్యి కదలదు.

ఇట్లు,
గుణశేఖర్

తా.క.: ఫోన్లో పేర్లు ఎందుకు తీసుకోనో చెప్పాలి. ఒకాయన తల్లి పేరు రాజమ్మ అన్నాడు, నాకు రోజమ్మ అని వినబడింది. రాయి దించిన రోజు వాళ్ళింట్లో రోజమ్మ ఎవరని ముసలి తండ్రిని పట్టుకున్నారు. నిజంగానే ఒక రోజమ్మ ఉండిందట.


తిరుపతి,
జనవరి 15

గుణశేఖర్ గారికి,

నమస్కారాలు. మీరు అడిగినవాటికి అబద్ధం లేకుండా జవాబులు రాస్తున్నాను.

ఇనుపదే దానికి మంచిది. వెండి ఆ కొండల్లో నిలవదు. తల్లిది గొప్ప జాతి. తండ్రి సంగతి పదిమందిలో చెప్పుకునేటట్టు లేదు. పిల్లలు లేరు. వాళ్ళ వంశంలో ఎవరికీ పుట్టరు. చీర కట్టే అలవాటు లేదు. ఫొటో లేదు. బొమ్మ వద్దు.

ఒక సంగతి అడిగారు, చెబుతాను. ఒక మార్చి నెలలో పై పోస్టుకు పిండి, కిరసనాయిలు మోసుకుపోతున్నాం. ముందు ముత్యాలు, వెనక నేను, నా వెనక తొమ్మిదిమంది. ముత్యాలు వీపు మీద డెబ్బై కిలోలు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో మంచు కప్పిన దారి. ఒక మలుపు దగ్గర ముత్యాలు ఆగిపోయింది. బతిమాలాను, కదల్లేదు. వెనక నుంచి సుబేదారు అరుస్తున్నాడు. నేను రెండు చేతులతో నెట్టాను. గుండె మీద ఈడ్చి తన్నింది.

నేను పడ్డాను, నా మీద పడి ముగ్గురు పడ్డారు. లేచి తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. ముత్యాలు ముందర రెండడుగుల అవతల దారి లేదు. చప్పుడు కూడా కాలేదు. ఇంతసేపూ మేము నేల అనుకున్నది ఉత్త మంచు. అది తెల్లగా, నిదానంగా లోయలోకి పోతోంది. చాలాసేపటికి కింద ఎక్కడో ఉరిమింది. పదిమందిమీ కొండకు అంటుకుపోయాం. ముత్యాలు ఆ ఖాళీని కాసేపు చూసింది. తరవాత నా వైపు తిరిగి, నా జేబులో బెల్లం ఉందేమోనని వెతికింది.

ఇట్లు,
పెంచలయ్య

తా.క.: మా అమ్మ పంపిన చిత్తూరు బెల్లం తప్ప ఇంకోటి ముట్టేది కాదు. పంజాబు బెల్లం పెడితే సుబేదారు మీదికి ఉమ్మింది.


చిత్తూరు,
జనవరి 24

పెంచలయ్య గారికి,

ఈసారి చేతులెత్తి నమస్కరిస్తూ రాస్తున్నాను. నమస్కారం మీకు కాదు, ముత్యాలమ్మ గారికి.

మీ ఉత్తరాన్ని శిల్పశాలలో పైకి చదివాను. కోత యంత్రం ఆపేసి అందరూ చుట్టూ నిలబడ్డారు. చదవడం అయ్యాక కూడా యంత్రం వెయ్యలేదు. ముప్పై ఏళ్ళుగా నా దగ్గర పనిచేసే చిన్నబ్బ కళ్ళు తుడుచుకుని, "మా ఇంటిది కోపమొస్తే సట్టిని తన్నింది గానీ, నా పానం కోసరం నన్నెప్పుడూ తన్నలేదప్పా" అన్నాడు. చావును చూసి వచ్చి బెల్లం అడిగిన మనిషి! నేను దేవుళ్ళను చెక్కాను, నాయకులను చెక్కాను. ఇట్లాంటి గుండె నా ఉలి కిందికి రాలేదు.

బొమ్మ వద్దన్నారు. క్షమించాలి, చెయ్యి ఆగలేదు. వీపు మీద మూటతో, గాలికి ఎదురు నిలబడిన ఆడమనిషిని చెక్కాను. చీర కట్టే అలవాటు లేదని రాశారు గానీ, నేను కట్టాను. చలికొండలు కదా. కుచ్చిళ్ళకే నాలుగు రోజులు పట్టింది.

ఒక సందేహం మాత్రం తీరలేదు. వంశంలో ఎవరికీ పిల్లలు పుట్టకపోతే, వంశం ఎట్లా వచ్చిందప్పా?

ఇట్లు,
గుణశేఖర్

తా.క.: ఇంత గొప్ప మనిషిని దాచిపెట్టడం పాపం అనిపించి ఒక చొరవ తీసుకున్నాను. వసంతమ్మ గారికి నిన్న ఉత్తరం వేశాను. 'అమ్మా, మీ పసుపుకుంకుమలు నిలబెట్టింది ఆమే, క్షమించండి' అని అన్నీ వివరంగా రాశాను. ఆడవాళ్ళ మనసు ఆడవాళ్ళకే తెలుస్తుంది.


తిరుపతి,
జనవరి 30

గుణశేఖర్ గారూ,

మీ చొరవ మా ఇంటికి చేరింది.

వసంతమ్మ అరిచి ఉంటే బతికిపోయేవాణ్ణి. అరవలేదు. ఆవు పాలు పితికింది, కేంద్రంలో పోసి వచ్చింది, సంగటి పెట్టింది. నేను మొదటి ముద్ద ఎత్తాక, "ఎవురు ఆ ముత్యాలు?" అని అడిగింది.

"అది... అదీ..." అన్నాను.

"అది అని పిలిచేంత దగ్గిరనా?" అంది.

ఆ ముద్ద కంచంలోనే పెట్టి లేచి వచ్చాను. నాలుగు రోజులుగా లాడ్జిలోనే పడుకుంటున్నాను.

మీరు చీర ఏ కట్టని అడిగినప్పుడే చెప్పి ఉండవలసింది. సిగ్గుపడ్డాను. నోటితో ఎన్నడూ అనలేదు, రాయడం కూడా ఇదే మొదటిసారి. ముత్యాలు కంచరగాడిద. తల్లి గుర్రం, తండ్రి గాడిద. మీ సందేహానికి జవాబు కూడా అదే. కాలి ఇనుపది అంటే లాడం.

బండ్లు పోలేని కొండల్లో సరుకు మోసే కంచరగాడిదల దళం నాది. నేను తుపాకి పట్టింది ట్రైనింగులో, కవాతులో. మిగతా పదహారేళ్ళూ పట్టుకున్నది పగ్గమే. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు చంద్రగిరి బస్టాండులో ఒక తండ్రి కొడుకును తిడుతున్నాడు: "సదువుకోకపోతే గాడిదలు కాసేదానికి పోతావు రా!" పక్కవాళ్ళంతా నవ్వారు. నేను యూనిఫారంలో ఉన్నాను. ఇంటికి పోయి, ఫిరంగి దళంలో ఉన్నానని చెప్పాను. ఒకసారి చెప్పాక అది పెరుగుతూ పోయింది. ఊళ్ళో వినాయక చవితికి నాతో ఫిరంగి గురించి ఉపన్యాసం కూడా ఇప్పించారు.

ముత్యాలు నా ప్రాణం కాపాడింది. దాని పేరు చెప్పుకోవడానికి నేను సిగ్గుపడ్డాను. అందుకే తోపులో మూలన రాయి అన్నాను. ఇప్పుడు వసంతమ్మ ముందర నిలబడి నిజం చెబుదామంటే నాలుక తిరగడం లేదు. ముడి వేసింది మీరు. ఇంకో ఉత్తరం రాసి మీరే విప్పండి.

ఇట్లు,
పెంచలయ్య

తా.క.: ఆ కుచ్చిళ్ళు చెరపడానికి వీలవుతుందా?


చిత్తూరు,
ఫిబ్రవరి 3

పెంచలయ్య గారికి,

రాతి మీద ఉలి జారినా ఇంత ఉలిక్కిపడను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చిన్నబ్బ చదివాడు. కిందామీదా పడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మాటలొచ్చిన మనిషి ముందు దారి లేదని సెప్పగలడు. మాట్లేని జీవం తన్ని సెప్పింది. ఇది ఇంకా పెద్దది కదప్పా" అన్నాడు. నాకూ అట్లాగే తోచింది.

వసంతమ్మ గారికి రాశాను. ఒక్క అక్షరం దాచకుండా రాశాను. మీరు లాడ్జి నుంచి కదలకండి.

ఇట్లు,
గుణశేఖర్

తా.క.: కుచ్చిళ్ళు చెరగవు. గట్టి రాయి.


చంద్రగిరి దగ్గర,
ఫిబ్రవరి 12

రాతిపని అన్నకు,

వసంతమ్మ దండాలు. నాకు పుస్తకాల తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్తా ఉండాను. మీ రెండు ఉత్తరాలూ అందినాయి. మొదటిది చదివి పది రోజులు నేను మనిషిలా లేను. రెండోది చదివి, పాల క్యాను అట్లే వదిలిపెట్టి తిరుపతి బస్సెక్కినాను.

లాడ్జి వాకిట్లో మా ఆయన నన్ను చూసి లేచి నిలబడినాడు. "సొక్కా విప్పు" అన్నాను. నలుగురు యాత్రికులు సూస్తా ఉండారు. "ఈడనా?" అన్నాడు. "ఈడనే" అన్నాను.

ఆయన గుండె మీద ఒక మచ్చ ఉండాది. అర్ధచంద్రం మాదిరి. ఫిరంగి పేలినప్పుడు ఇనుప ముక్క తగిలిందని చెప్పి ఉండినాడు. ఇన్నేండ్లూ ఆ మచ్చ మీద చెయ్యి పడితే నాకు ఒళ్ళు జలదరించేది. శత్రువు చెయ్యి మా ఇంట్లోకి వచ్చినట్టు ఉండేది. ఆ పొద్దు లాడ్జి వాకిట్లో దాని మీద చెయ్యి పెట్టి సూసినాను. అది ఒక కాలి గుర్తు. యాడో మంచులో, నేను పేరు కూడా వినని ఒక జీవం, నా మొగుణ్ణి వెనక్కి తన్ని, మళ్ళా నా దగ్గరికి పంపించింది. నవ్వు రాలేదన్నా. ఏడుపు కూడా రాలేదు. తిరుమల కొండ దిక్కు సూసి ఒక దండం పెట్టుకున్నాను, అంతే.

మరునాడు పాలకేంద్రం దగ్గర, వరసలో నిలబడిన అందరి ముందర, "సెప్పు" అన్నాను. మా ఆయన పాల క్యాను కింద పెట్టినాడు. "నేను ఫిరంగి దళం కాదు. పదారేండ్లు గాడిదలు కాసినాను" అన్నాడు. ఇద్దరు కిసుక్కున నవ్వినారు. ఆయన ఆపలేదు. మలుపు కాడికి వచ్చేసరికి నవ్వు లేదు. దారి జారిపోయిందని సెప్పినప్పుడు పాలు కొలిచే వరదయ్య చేతిలో కొలత చెంబు పొర్లిపోతా ఉన్నా సూసుకోలేదు. అయిపోయినాక వరదయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "దానికి యాడ రాయి పెడతావుండావు?" అని అడిగినాడు. తోపులో మూలన అన్నాడు మా ఆయన. "మూలన ఎందుకబ్బా, రోడ్డు పక్కన పెట్టు, పోయేవాళ్ళందరూ సదవాల" అన్నాడు వరదయ్య.

కాబట్టి రోడ్డు పక్కనే పెడతా ఉండాము. కొత్త రాయి తీయండి. దాని మీద మూట మోసే కంచరగాడిదను చెక్కండి, నుదుట తెల్లచుక్క మరవొద్దు. రాయవలసింది నేను చెప్తాను, ఒక్క అక్షరం మార్చొద్దు:

'ముత్యాలు. పెంచలయ్య గాడిదలను కాసినాడు. ఈ గాడిద పెంచలయ్యను కాసింది.'

ఇట్లు,
వసంతమ్మ

తా.క.: చీర కట్టిన బొమ్మను పగలగొట్టొద్దన్నా. కుచ్చిళ్ళకే నాలుగు దినాలు పట్టిందని మా ఆయనకు రాసినారంట. మూట మోసే ఆడమనిషే కాబట్టి నాకు సరిగ్గా సరిపోతాది. వసంతమ్మ అని పేరు చెక్కి, తేదీ మాత్రం ఖాళీగా పెట్టండి. నాకు ఇప్పుడేం తొందర లేదు.