మూడో గడిలో శాలువా

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం. షాపులో పెట్టించిన నాలుగు కెమెరాల్లో అక్కణ్నుంచే చూస్తూనే ఉన్నావు గనక ఆ ముక్క రాయక్కర్లేదు, అయినా అలవాటు మానుకోలేం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. కిందటి నెల ఫోన్‌లో అరిచినప్పుడు గొంతులో నీరసమేమీ లేదు. ఫోన్‌లో చెబితే సగంలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

టీవీ రోజంతా వేసే ఉంచుతున్నావా అని అడిగావు. ఉంచుతున్నాను. లాండ్రీకి వచ్చినవాళ్లు కూర్చునే బల్లకు ఎదురుగా అంత టీవీ పెట్టించి, దాన్ని నాలుగు గడులు చేసి మా మొహాలు వేయించావు. చూస్తున్నారని తెలిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తారన్నావు. గుండీలు కుట్టే ఆవిడ ముక్కు గోక్కోవడం మానేసింది, నాకు తెలిసి అదొక్కటే లాభం.

ఇస్త్రీకి కొత్త మనిషి దొరికిందా అనీ అడిగావు. నేను వెతకలేదు.

ఆ రోజు ఏం చేశావో గుర్తుందా? ఇస్త్రీ అత్త రెండు రోజులుగా మూడో గడిలో శాలువా ముసుగేసుకుని కుర్చీలో నిద్రపోతోందని ఫోన్ చేశావు. ఆ రికార్డు టీవీలో వేయమన్నావు, వేశాను. స్పీకర్ పెట్టమన్నావు, పెట్టాను. "జీతం ఇచ్చేది కునుకు తీయడానికా? రేపట్నుంచి రావద్దు" అన్నావు. బల్ల మీద ముగ్గురున్నారు. వాళ్లు ఓసారి టీవీ వంకా ఓసారి ఆవిడ వంకా చూశారు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క చొక్కా కాల్చని మనిషి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి విను. శాలువా ఆవిడదే. దాని కింద ఉన్నది నేను. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే ఆవిడే కప్పి కూర్చోబెట్టింది. కెమెరాకు అందని వెనక గదిలో నా వంతు బట్టలు కూడా తనే ఇస్త్రీ చేసింది. అక్కకు చేతకాకపోతే షాపు అమ్మేద్దామని మాటకు ముందోసారి అంటావు కదా, ఆ భయంతో నోరు మూసుకున్నాను. ఆవిడ నా వంక చూసింది. నేను రిమోట్ వంక చూశాను. సిగ్గులేని పని చేశాను.

నీకూ సిగ్గుండాలి. నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని. రెండు రోజులు కళ్లార్పకుండా చూసి కూడా నన్ను పోల్చుకోలేకపోయావు.

మొన్న ఆవిడ ఇంటికి వెళ్లాను. "ఎక్కడ చూపించారో అక్కడే చెప్పండమ్మా, అప్పుడొస్తాను" అంది. నిన్న ఆ ముగ్గురినీ పిలిపించి, అదే బల్ల మీద కూర్చోబెట్టి, అదే రికార్డు వేసి, "ఇది నేను" అని చెప్పాను. ఇవాళ ఆవిడ పనిలోకి వచ్చింది.

షాపు అమ్ముతావో ఏం చేస్తావో తర్వాత తేల్చుకుందాం. వచ్చే సోమవారం పదింటికి ఆవిడ అదే కుర్చీలో కూర్చుంటుంది. ఫోన్ చేసి తప్పయిందని చెప్పు. బల్ల నిండా జనం ఉంటారు, స్పీకర్ పెడతాను. ఆవిడ ఏమంటుందో నాకూ తెలియదు. మూడో గడిలో చూసుకో.

ఇట్లు,
ముసుగు తీసిన
మీ అక్క