చిట్టి లెక్కలకు నేనన్న సరే

అమ్మాయీ, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు.

చిట్టి లెక్కల పరీక్ష మళ్ళీ రాయాలి. ఈసారీ తప్పితే బడి మాన్పించి బట్టల కంపెనీలో కుట్టుపనికి పెడతానంటున్నాడు మీ ఆయన. పుస్తకం వెనక జవాబులు చూసి ఎక్కిస్తోందని ఆ కాగితాలు చింపి పొయ్యిలో పడేశాడు. ఇక పిల్ల ఎక్స్ ఎంతో తేల్చిన ప్రతిసారీ నా దగ్గరికొచ్చి "సరేనా అమ్మమ్మా?" అనేది. నాకేం తెలుసే తల్లీ, దాని మొహం చూడలేక సరే సరే అన్నాను.

వచ్చిన అంకెను ఎక్స్ ఉన్నచోట పెడితే రెండు పక్కలా సమానం కావాలని నిన్న పంతులమ్మ చెప్పిందట. ఇంటికొచ్చి అన్నీ పెట్టి చూసుకుంది. సగానికి సగం తప్పులే. "తెలీకపోతే తెలీదని చెప్పొచ్చుగా అమ్మమ్మా" అంది. అప్పట్నుంచి నాకేదీ చూపించట్లేదు, పిలిచినా అన్నానికి రావట్లేదు.

నీ దగ్గు తగ్గిందా? పనిచేసే ఇంట్లో చన్నీళ్ళలో నానకు. ఈ కార్డు అందేసరికి పరీక్ష అయిపోతుంది. తప్పినా ఇంకో ఏడాది చదవనిమ్మని మీ ఆయనకు వెంటనే రాయి, నా మాట చెవిన పెట్టడు. చిట్టికి కూడా వేరేగా ఒక ముక్క రాయి. పాసవుతావని నేనంటే అది ఇక నమ్మదు.

నువ్వు చల్లగా ఉండాలి.
అమ్మ