సూర్యుడి మీద మరక

ఫ్యూర్న,
ఉపవాసకాలం, నాలుగో ఆదివారం.

ప్రియమైన గొడెలీవ్ అక్కకు,

తమ్ముడు హెర్విగ్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, లూట్‌గార్టూ, మా ముసలి పిల్లీ కులాసా. అక్కడ నువ్వూ, మఠంలోని సిస్టర్లూ, నా ఉత్తరాలు నీకంటే ముందు చదివే మదర్ గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కులాసా అని అలవాటు కొద్దీ రాసేశాను. కొట్టేస్తే మొదటి పంక్తికే కంగారు పడతావని అలాగే వదిలేశాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. లూట్‌గార్ట్ మోకాలు నయమైంది. మళ్ళీ సైకిలెక్కి సంతకు పోతోంది, చేపలవాడితో మళ్ళీ పోట్లాడుతోంది. ఉపవాసకాలానికి ఏం మానుకున్నావని అడిగావు. బీరు మానుకుందామనుకున్నాను గానీ కుదరలేదు. నా రాత ఎందుకు గట్టు దిగినట్టు కిందికి జారుతోందనీ అడిగావు. దానికి జవాబు కింద ఉంది, కాస్త ఓపిక పట్టు.

ఇక అసలు ప్రశ్న, నేను పంపే సూర్యుడి ఫోటో గురించి. "ఈసారి సూర్యుడేడీ? భోజనాల గది గోడ మీద ఇంకా పాత బొమ్మే ఉంది. మీ తమ్ముడు మా మీద అలిగాడా అని సిస్టర్ ఆల్డెగొండ రోజూ అడుగుతోంది" అని రాశావు. అలగలేదక్కా. అలగడానికి కూడా ఓపిక లేదు.

నేను బొమ్మ ఎలా తీస్తానో నీకు తెలుసు. నా టెలిస్కోపులో సూర్యుడు మొత్తం ఒకేసారి పట్టడు. ముక్కలు ముక్కలుగా తీసి, నా పనిలో టైల్స్ పరిచినట్టే అతుకు కనపడకుండా కలిపితే గానీ నిండు బింబం రాదు. చలికాలం మొదట్లో మబ్బు కాస్త విడిచిన ఒక మధ్యాహ్నం అలా తీసి చూస్తే, ఒక ముక్క మధ్యలో బూడిదరంగు మరక కనిపించింది. సూర్యుడి మీది మచ్చయితే నల్లగా, అంచు తేలి ఉంటుంది. ఇది ఎవరో తడి వేలితో అలికినట్టుంది. రెండో ముక్క చూశాను. అందులోనూ మధ్యలోనే ఉంది. అన్నిట్లోనూ అంతే. మా టెలిస్కోపు క్లబ్బులో ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు: ప్రతి ముక్కలోనూ ఒకేచోట ఉన్న మరక సూర్యుడిది కాదు, కెమెరా మీద పడ్డ ధూళి.

అందుకని తుడిచాను. ఊది తుడిచాను, మెత్తటి గుడ్డతో తుడిచాను, అన్నీ విప్పి భోజనాల బల్ల మీద పరిచి తుడిచాను. లూట్‌గార్ట్ సూపు గిన్నె పెట్టడానికి చోటు లేక గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇంటి కిటికీ ఒక్కటంటే ఒక్కటి తుడిచావా? ఆ గాజుముక్కకి మాత్రం నీళ్ళు పోసి తలంటుతున్నావు!" అంది.

ఆ తర్వాత బింబం అంచు ఒక పక్క సొట్టపోయి కనిపించసాగింది, కిందపడ్డ గిన్నెలాగా. సూర్యుణ్ణి చూడటానికి టెలిస్కోపుకు పెట్టే ఫిల్టరు వంగిందనుకుని తయారుచేసినవాళ్ళకి పంపాను. ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. వాళ్ళకి పని రాదని తిట్టుకున్నాను. పనిలోనూ అదే వరస. ఒక వంటింట్లో టైల్స్ గీత వంకర పోయిందనిపించి, మట్టపు బద్ద తిన్నగా ఉందని చూపిస్తున్నా వినకుండా పగలగొట్టి మళ్ళీ వేశాను. ఆ ఇంటావిడ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అక్కా, నేను అన్నిటినీ అనుమానించాను. ఒక్కదాన్ని తప్ప.

చివరికి మా క్లబ్బు ఓడిల్‌ను పిలిచాను. నా కెమెరాను నాకంటే బాగా ఎరిగినవాడు. తెర మీద ముక్కలన్నీ చూసి తల గోక్కున్నాడు.

"ఏదిరా మరక?"

"ఇంత పెద్దది కనపడటం లేదా? కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకునే ఉన్నానురా వెధవా. ఇది ఈ ఏడాది నువ్వు తీసినవాటిలోకెల్లా శుభ్రమైన బొమ్మ."

నాకు ఒళ్ళు మండి నానా మాటలూ అన్నాను. వాడు తెర ఆపేసి, నా భుజాలు పట్టుకుని తెల్లటి గోడ వైపు తిప్పాడు.

"ఇప్పుడు?"

మరక గోడ మీద ఉంది.

"లేవరా. కారు తీస్తాను" అన్నాడు. తిన్నగా కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడు నాకు భయం వేసింది.

నా కుడికన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను. పనంతా ఎడమదే. ఆ ఎడమకంటి వెనక సన్నటి నరాలేవో చిట్లి, రక్తం కారి, చూపు మధ్యభాగం మచ్చ కట్టేసిందని డాక్టరమ్మ చెప్పింది. సూర్యుడి వల్లేనా అని అడిగాను. "కాదండీ, వయసు వల్ల వచ్చేదే. మీరు జాగ్రత్తగానే చూశారు" అంది. ఊళ్ళో ఎవరూ నమ్మరు. మాంసం కొట్టువాడు అప్పుడే "ఎండను చూస్తే మరి ఊరుకుంటుందా" అన్నాడట. ఆవిడ ఇంకో మాట కూడా అంది. మరక కనిపించిన కొత్తలోనే వచ్చి ఉంటే, ఇంజెక్షన్లతో చాలావరకు నిలబెట్టేవాళ్ళమని. ఇప్పుడు అంచులు మిగులుతాయట, మధ్య తిరిగి రాదట. చలికాలమంతా నేను గాజు తుడుస్తూ కూర్చున్నాను. అది తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకోసం ప్రార్థిస్తానని మాత్రం రాయకు. రాసే ముందు ఒకసారి నా తరఫున ఆయన మీద కోప్పడు. ఎంతమంది చూడకుండా వదిలేసిన వెలుగును నేను ఒక్కో ముక్కా ఏరి కలుపుకున్నాను, నాకే ఇలా చేస్తాడా అని అడుగు. మదర్ గారూ, దయచేసి ఈ పేరా దాటేయండి.

అక్కా, ఇంతసేపూ రాయలేక తప్పించుకుంటున్నది ఒకటుంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఉత్తికంటితో సూర్యుడి వైపు చూడనివాణ్ణి. మొన్న పెరట్లో ఉల్లికాడల మడి దగ్గర మబ్బు విడిచింది. పోతే మిగిలిందీ పోనీ అనుకుని తలెత్తి నేరుగా చూడబోయాను. బుద్ధి లేక కాదు, బతకాలని లేక. లూట్‌గార్ట్ వెనకనుంచి పరుగున వచ్చి, మట్టిచేతులతో నా కళ్ళు మూసేసింది. ఇద్దరం ఆ మడిలోనే కూలబడ్డాం. "చూడకుండా ఉండలేకపోతే నన్ను చూడు!" అని అరిచింది. "నీ మొహమున్న చోట ఏమీ లేదే" అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని పక్కకు తిప్పింది. కంచె వైపు చూస్తున్నాను. అప్పుడు ఓరగా ఆమె కనిపించింది. ఏడుస్తోంది.

ఈ ఉత్తరం కూడా అలాగే రాస్తున్నాను, కాగితం పక్కకు చూస్తూ, లావుపాటి కలంతో. అందుకే పంక్తులు జారిపోతున్నాయి. మీ భోజనాల గదికి ఇక బొమ్మలు రావు. సిస్టర్ ఆల్డెగొండకు నువ్వే ఎలాగోలా చెప్పు.

ఉపవాసకాలంలో మీరు ఎవర్నీ కలవరు కాబట్టి ఈస్టర్ మర్నాడు ఓడిల్ నన్ను తీసుకొస్తాడు. మీ మఠంలో కటకటాలకు అవతల నువ్వు కూర్చున్నాక నేను నీ వైపు చూడను. నీ పక్కనున్న గోడ వైపు చూస్తుంటాను. తమ్ముడికి నా మీద మనసు విరిగిందని అనుకోకు, జరిగి నా చూపుకు ఎదురుగా రాకు. ఉన్నచోటే కదలకుండా కూర్చో. నేను గోడను చూస్తున్నంతసేపూ నిన్నే చూస్తున్నట్టు.

ఇట్లు,
ఇంకా నిన్ను చూడగల నీ తమ్ముడు,
హెర్విగ్