అత్తయ్య లా పాజ్ చూసిన రోజు

గ్రిసెల్ద వదినకు,

ఈ ఉత్తరం అందేసరికి అత్తయ్య బస్సు దిగి ఇంటికి చేరే ఉంటుంది. నాకొక్క సాయం చెయ్యి. మీ తమ్ముడు ఎలిసెయో సమాధి చూశావా అని మాత్రం ఆమెను అడగకు.

ఊరు చూడ్డానికే వచ్చానంది. సరేనని పొద్దున్నే పెద్ద చౌకుకు తీసుకెళ్ళాను. పావురాలకు గింజలు వేసింది. చర్చి మెట్ల దగ్గర ఆయాసం వస్తే కోకా ఆకుల టీ తాగించాను. శ్మశానం వైపు దారి కనబడితే చాలు, "ఆ అంగడి చూద్దాం పదవే" అని పక్కకు లాగేది. నా కాళ్ళు పీక్కుపోయాయి. మీ తమ్ముణ్ణి ఈ చలికొండల్లోకి లాక్కొచ్చింది నేనేనని ఆమె కోపం నీకు తెలిసిందే. ఎప్పుడు బయటపడుతుందా అని భయంగానే తిరిగాను.

సాయంత్రం కేబుల్ కారు ఎక్కుదామంది.

"అది శ్మశానం మీదుగా పోతుందత్తయ్యా."

"తెలుసు. కిందికెళ్తే మళ్ళీ లేవలేనే. పైనుంచైతే చూడగలను."

కింద అరలు అరలుగా కట్టిన సమాధుల గోడలు కనబడగానే అద్దానికి నుదురు ఆనించింది.

"ఎలిసెయోది ఏదే?"

అంత ఎత్తునుంచి నాకూ తెలియలేదు. పసుపు పూలున్న గోడొకటి చూపించాను.

"నువ్వు వస్తుంటావా?"

"ఆదివారం ఆదివారం వస్తాను."

"ఒక్కదానివేనా?"

తలూపాను. ఆమె తన ఉన్ని శాలువా తీసి నాకు చుట్టింది.

"ఈ గాలికి ఆ పల్చటి గుడ్డేమిటే? నువ్వూ పోతావా?"

వద్దన్నా వినకుండా దాన్ని నాకే వదిలేసి బస్సెక్కింది, వదినా. దారిలో చలికి ఏమైందో కనుక్కొని రాయి.

నీ మరదలు