నాయిన బంద్ చేసిన స్విచ్

మంగళవారం, పాల్వంచ

రేపటి నుంచి నాకు ఇంటి నుంచే కొలువు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఇంట్లో టీవీ, కెమెరాలు వాడే నెట్ నుంచి వేరు చేసుకోమన్నారు. అందుకని కొన్న మేనేజ్డ్ స్విచ్‌కు, అదే నెట్‌ను విడదీసి పంచే పెట్టెకు, సాయంత్రం వైర్లన్నీ కలిపి సెట్టింగులు మార్చాను. ఒక్క అంకె తప్పు పడింది. ఇంట్లో నెట్ పోయింది, సరిచేద్దామంటే నా ల్యాప్‌టాప్‌నే అది లోపలికి రానివ్వలేదు. తల పట్టుకుని వంటింట్లోకి పోయాను.

తిరిగొచ్చేసరికి పెట్టె మీద లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసిన నాయినకు, మనిషి లేని గదిలో ఏది వెలిగినా ఊరుకోబుద్ధి కాదు.

"స్విచ్ ముట్టొద్దన్న కదా నాయినా!" అని అరిచాను.

"నీ డబ్బా నేను ముట్టలే బిడ్డా. గోడకున్న స్విచ్చే బంద్ చేసిన," అన్నాడు చిన్నబోయి.

విసురుగా మళ్లీ వేశాను. పెట్టె పాత సెట్టింగులతో లేచింది! మార్పులు నేను సేవ్ చేయలేదు కదా, కరెంటుతో పాటే నా తప్పూ పోయింది. ఈసారి సరిగ్గా పెట్టి సేవ్ చేశాను.

"నువ్వే కాపాడినవ్ నాయినా," అంటే నవ్వాడు. "మరి రేపటి సంది బంద్ చెయ్యాల్నా, వద్దా?"

ఇప్పుడు ఆ గది గుమ్మంలో, మిణుకుమంటున్న లైట్లను చూస్తూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అరిచినందుకు తప్పయిందని మాత్రం నేనింకా చెప్పలేదు...